కాలిబాట లేని అభివృద్ధి

హైదరాబాదుకు 2009లో 11.6 కిలోమీటర్ల పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే, 2017లో మెట్రో రైలు వచ్చాయి. ఇవి అనవసరమని నేననను. అయితే మెట్రో దిగిన వృద్ధురాలు ఇల్లు చేరవలసిన అర కిలోమీటరు దారి ఎవరి బాధ్యత?

కాలిబాటపై అడ్డంకులు లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లుండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన కాలిబాటలను మాత్రం ట్రాన్స్‌ఫార్మర్లు, దుకాణాలు, మోటారు సైకిళ్లు ఆక్రమించాయి. మధుమేహులను వారానికి కనీసం 150 నిమిషాలు నడవమని వైద్యులు చెబుతారు. ఎక్కడ నడవాలి?

వాహన వేగం గంటకు 50 నుండి 65 కిలోమీటర్లకు పెరిగితే, ఢీకొన్న పాదచారికి మరణించే ముప్పు 4.5 రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. వేగం కోసం ఫ్లైఓవరు కట్టి, దాని కింద రోడ్డు దాటే దారి చూపకపోవడం ప్రాణాలతో చెలగాటమే.

“ముందు వంతెన, తరువాత కాలిబాట” అంటారు. ఆ ‘తరువాత’ ఎన్నటికీ రాదు. కాలిబాట, క్రాసింగు పూర్తికానిదే గుత్తేదారుకు తుది బిల్లు చెల్లించరాదు.

పాఠకులారా! మీ ప్రాంతంలో కొత్త వంతెన కడుతున్నారా? కాలిబాట వెడల్పెంతో సమాచార హక్కు చట్టం కింద నేడే అడగండి. శంకుస్థాపన నాడు అడగనిది ప్రారంభోత్సవం నాడు దొరకదు.