జ్ఞానులు రోజుకు జానెడు నడుస్తారు

డిసెంబరు రెండో వారం వచ్చేసరికి బార్సిలోనాలో చాలా ఇళ్లు క్రిస్మస్ పాక కోసం ఒక మూలను ఖాళీ చేసుకుంటాయి. చెట్టు బెరడు పేర్చి కొండలంటారు, వెండిరంగు రేకు నలిపి ఏరంటారు, పైన పిండి జల్లి మంచు అంటారు. పాకలో మరియమ్మ, యోసేపు, ఎద్దు, గాడిద ఉంటారు. తొట్టి మాత్రం ఖాళీ. బాలయేసు 24 రాత్రికి గాని రాడు. తూర్పుదేశపు జ్ఞానులు ముగ్గురూ, వాళ్ల ఒంటెలూ గదికి ఆ చివర ఏ కిటికీ గట్టు మీదో నిలబడి ఉంటారు. రోజూ వాళ్లను కాస్త ముందుకు జరపడం పిల్లల పని. కానుకలు పంచే జనవరి 5 రాత్రికి వాళ్లు పాక చేరాలి. జ్ఞానులు బల్ల దాకా వచ్చారా, ఇంకా అలమర దగ్గరే ఉన్నారా అన్నదాన్ని బట్టి పండుగ ఎంత దూరముందో పిల్లలకు తెలిసిపోతుంది. తొందరపడి ఒకేసారి మూరెడు జరిపేవాళ్లూ, వెనక్కి లాగి తగాదా పెట్టుకునేవాళ్లూ ఉండనే ఉంటారు.

ఇక అసలు ఆట కగనేతో. ఎర్ర టోపీ పెట్టుకుని, లాగు దించుకుని దొడ్డికి కూర్చున్న పల్లెటూరి ఆసామి బొమ్మ అది. దేవుడు పుట్టిన ఊళ్లోనే, ఏ పొద చాటునో, వంతెన వెనకో దాస్తారు. ఇంటికొచ్చిన పిల్లలు ముందుగా వెతికేది అతన్నే. బార్సిలోనా ఉన్న కాటలోనియా ప్రాంతంలో సుమారు మూడు శతాబ్దాలుగా ఈ బొమ్మ ఉంది. నేలకు ఎరువు పడితే వచ్చే ఏడు పంట బాగుంటుందని పెద్దలు అర్థం చెబుతారు. నాకైతే ఆ అర్థాన్ని నవ్వుకున్న తర్వాత తీరిగ్గా అతికించారేమోనని అనుమానం. 1786 నుంచి బార్సిలోనా కేథడ్రల్ ముందు జరుగుతున్న సాంతా ల్యూసియా సంతలో ఇప్పుడు దేశాధ్యక్షులూ, పోపులూ, ఫుట్‌బాల్ ఆటగాళ్లూ అదే భంగిమలో అమ్ముడుపోతారు. దాన్ని అక్కడ తిట్టుగా తీసుకోరు. పేరు మోసిన మనిషికే ఆ వైభోగం.

2005లో బార్సిలోనా నగరపాలక సంస్థ తన క్రిస్మస్ పాకలో కగనేను పెట్టలేదు. బహిరంగ మలమూత్ర విసర్జనను నిషేధిస్తూ నిబంధన తెచ్చాం, ఇతనేమో చెడ్డ ఉదాహరణ అని కారణం చెప్పింది. జనం ఊరుకోలేదు. మరుసటి ఏడాదికి ఆసామి మళ్లీ తన చోట కూర్చున్నాడు.

దేవుడి దగ్గర ఈ వేళాకోళమేమిటని మనం బుగ్గలు నొక్కుకోనక్కర్లేదు. సీతారాముల కల్యాణంలో పెళ్లికొడుకువాళ్లను ఆడిపోసుకునే పాటలు మనవే. చేయించిన నగల లెక్క చెప్పి రాముణ్ణి నిలదీసిన రామదాసూ మనవాడే. కానీ ఈ చనువంతా మనకు పాటలో, పద్యంలో ఉంది. బొమ్మల దగ్గరికొచ్చేసరికి బిగుసుకుపోతాం.

సంక్రాంతి బొమ్మల కొలువు చూడండి. మూడో, అయిదో, ఏడో మెట్లు, వాటి మీద తెల్లగుడ్డ, పైమెట్టున దేవుళ్లు. కొండపల్లి గీతకార్మికుడు తాటిచెట్టెక్కుతూ, దంపుడు ఆడవాళ్లు రోకళ్లెత్తి పట్టుకుని ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయి ఉంటారు. పేరంటాళ్లు వస్తారు, శనగలూ తాంబూలమూ అందుకుంటారు, చూసి వెళతారు. పిల్లలకు వినబడేది ఒకటే: ముట్టుకోకు! వాళ్ల రాజ్యమేదైనా ఉంటే అది మెట్ల కింద, రాగులూ ఆవాలూ మొలిపించిన పార్కులోనూ అద్దంముక్క చెరువులోనూ. (ఫ్రాన్సులో ప్రోవెన్సు ఇళ్లవాళ్లు కూడా డిసెంబరు 4న పళ్లేల్లో గోధుమలు మొలకేస్తారు. క్రిస్మస్ నాటికి ఆ పచ్చని నారు భోజనబల్ల మీదా, పాక దగ్గరా ఉంటుంది.)

పెద్దలే అంతా చేసేస్తే ఏమవుతుందో ఇటలీ నాటకకర్త ఎడువార్డో దె ఫిలిప్పో 1931 నాటి ఒక నాటకంలో చూపించాడు. నేపుల్స్‌లో ఒక తండ్రి జిగురు డబ్బా ముందేసుకుని తన ఊహలోని పాకను తానే కట్టుకుంటాడు. నచ్చిందా అని కొడుకును పదే పదే అడుగుతాడు. నచ్చలేదు పొమ్మంటాడు కొడుకు. ఇల్లు కూలిపోతున్నా ఆ తండ్రి ధ్యాస పాక మీదే. కొడుకు చేతికి ఆ జిగురు డబ్బా ఇచ్చి ఉంటే నాటకం ఉండేది కాదనుకోండి, అది వేరే మాట.

కగనేను దిగుమతి చేసుకోమని నేననడం లేదు. గుంటూరులోనో మెదక్‌లోనో క్రిస్మస్ పాకలో అతను కనబడితే ముందు అమ్మమ్మకే కోపమొస్తుంది. అందులో న్యాయమూ ఉంది. ఒక ఊరికి నవ్వొచ్చేది ఇంకో ఊరికి నవ్వు రావాలని లేదు. జ్ఞానుల నడకను మాత్రం ఏ ఇంట్లోనైనా మొదలుపెట్టవచ్చు. మన పాకల్లో వాళ్లు తొలిరోజే తొట్టి ముందు మోకరిల్లి ఉంటారు. మత్తయి సువార్త ప్రకారం వాళ్లు నక్షత్రాన్ని వెంబడించి, యెరూషలేములో దారి అడిగి, బేత్లెహేములో ఒక ఇంట్లోకి వెళ్లారు. యేసు పుట్టిన రాత్రే పాకకు వచ్చింది గొర్రెల కాపరులు, అది లూకా చెప్పిన సంగతి. కాబట్టి జ్ఞానులను వీధి గుమ్మం దగ్గర బయల్దేరదీస్తే పాస్టరు గారికీ అభ్యంతరం ఉండదు.

కొలువులోనూ అంతే. భోగి నాడు ఎడ్లబండి బొమ్మను వాకిట్లో పెట్టి, కనుమ సాయంత్రానికి మెట్ల దగ్గరికి చేర్చమని పిల్లలకు అప్పజెప్పవచ్చు. మామ్మగారి కాలం బొమ్మలు పైమెట్టు మీద భద్రంగానే ఉంటాయి. కిందిమెట్టును, విరిగినా దిగుల్లేని బొమ్మలతో, వాళ్లకు వదిలేయాలి. రోజూ ఒక బొమ్మను దాచి, వచ్చిన పేరంటాళ్ల చేత వెతికించడం కూడా బాగుంటుంది. ఏ బొమ్మను దాచాలన్నది మాత్రం పెద్దలు చెప్పకూడదు.