ఆకు ఊడ్చేస్తే మిగిలేది ఇసుకే

దిండి: సముద్రం వైపు ఇసుక మెరకల్లో సరుగుడు వేసే రైతులకు ఒక లెక్క బాగా తెలుసు. నాటిన నాలుగైదేళ్లకు తోట నరుకుతారు. గెడలు పందిళ్లకు, లావు కర్ర కాగితం మిల్లుకు, కొమ్మలు పొయ్యిలోకి పోతాయి. చివరికి వేళ్లు కూడా తవ్వి వంటచెరకుగా అమ్ముతారు. తోట ఉన్నన్నాళ్లూ రాలిన ఆకును ఊడ్చి బస్తాలకెత్తుతారు. అదే నేలలో మళ్లీ నాటేటప్పుడు ఆ నేలకు మనం ఏం మిగిల్చామన్న లెక్క మాత్రం వేసుకోవడం లేదు.

సరుగుడుకు ఎరువెందుకు, నత్రజని దాని వేళ్లలోనే తయారవుతుంది గదా అనేవారున్నారు. అది సగమే నిజం. వేళ్ల బుడిపెల్లో ఉండే ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని చెట్టుకు అందిస్తుంది. భాస్వరం, పొటాష్, సున్నం మాత్రం నేలలోంచే రావాలి. భాస్వరం చాలకపోతే ఆ బుడిపెలు కూడా సరిగా పనిచేయవు. పైగా ఇసుక నేల దేన్నీ పట్టి ఉంచలేదు.

చెట్టులో పోషకాలు ఎక్కువగా ఉండేది ఆకులో, రెమ్మల్లో, బెరడులో. మాను బరువే గాని దానిలో పోషకాలు తక్కువ. అంటే డబ్బు తెచ్చే కర్రకంటే, అంతగా డబ్బు రాని ఆకు పోవడమే నేలకు దెబ్బ. మిగిలిన చెత్తను తగలబెడితే నత్రజని పొగలో పోతుంది. బూడిదలోని పొటాష్ పెద్ద వానకు ఇసుకలోంచి జారిపోతుంది.

మందు మన ముంగిట్లోనే ఉంది. పీచు మిల్లుల దగ్గర కొబ్బరి పొట్టు గుట్టలుగా పడి ఉంటుంది. అది నీటిని, పోషకాలను పట్టి ఉంచుతుంది. అయితే పచ్చి పొట్టు వేయరాదు. అది కుళ్లడానికి నేలలోని నత్రజనినే లాగేసుకుంటుంది. టన్ను పొట్టుకు 5 కిలోల యూరియా, పుట్టగొడుగు విత్తనం పొరలుగా వేసి తడుపుతూ మాగబెడితే మంచి ఎరువవుతుంది. దాన్ని నాటే గుంటలో కాస్త సూపర్ ఫాస్ఫేటుతో కలిపి వేయాలి. సరుగుడు మొక్కకు యూరియా కుమ్మరిస్తే బుడిపెలు కట్టడం తగ్గుతుంది. ఊరి మంచినీటి చెరువు పూడిక మేలు చేస్తుంది గాని, రొయ్యల చెరువు బురద ఉప్పుతో కీడు చేయగలదు. పరీక్ష చేయించకుండా తోలవద్దు.

ఆకు ఊడ్చుకునే పేద ఇళ్ల పొయ్యి ఆర్పమని ఎవరూ అనరాదు. కొమ్మ, వేరు వారికి ఇచ్చి, ఆకు నేలకు వదలవచ్చు. కనీసం నరికే ముందు ఏడాది రాలిన ఆకునైనా ఉంచాలి.

ఇది ఒక్క రైతు జేబు సంగతి కాదు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత తీరం వెంట సరుగుడు నాటించింది గాలిని ఆపడానికే. 1996 నవంబరు 6 తుపానులో కూలిన కొబ్బరి తోటలను కోనసీమ మరచిపోలేదు. బలహీనమైన తోట గాలికి అడ్డు నిలవదు.

వరికి, కొబ్బరికి చేసినట్టే సరుగుడు నేలకూ భూసార పరీక్ష చేసి, ఏ ఎరువు ఎంత వేయాలో వ్యవసాయ, అటవీ శాఖలు ఊళ్లోకి వచ్చి చెప్పాలి. పొట్టు మాగబెట్టే పద్ధతిని మిల్లుల దగ్గరే చేసి చూపాలి. ఈలోగా రైతులు చేయగలిగింది ఒకటుంది. ఈ ఏడు చీపురును తోట గట్టు మీదే ఆపాలి.