బెల్టు రంగు కాదు, గురువు తీరు చూడాలి

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా, నగర్‌నార్. జగదల్‌పూర్‌కు 16 కిలోమీటర్ల దూరం. ఏటా 30 లక్షల టన్నుల సామర్థ్యంతో, హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఎన్‌ఎండీసీ ఇక్కడ చేపట్టిన ఉక్కు కర్మాగారంలో 2023 ఆగస్టులో ఉత్పత్తి మొదలైంది. దాంతోపాటే ఉద్యోగుల కుటుంబాలూ వచ్చాయి. వారిలో తెలుగువారూ ఉన్నారు. హైదరాబాద్‌లోనో విశాఖలోనో అయితే నాలుగు వీధులు తిరిగితే ఏదో ఒక కరాటే బోర్డు కనిపిస్తుంది. ఇలాంటి కొత్త పారిశ్రామిక ఊళ్లలో ఆ వెసులుబాటు తక్కువ. ‘ఉన్నదాంట్లోనే చేర్పిద్దాం’ అనుకోవడం సహజం. ప్రమాదమూ అక్కడే ఉంది.

ఎందుకంటే చాలామంది తల్లిదండ్రులు కరాటే క్లాసు నుంచి ఆశించేది ఆత్మరక్షణ ఒక్కటే కాదు. క్షణం కుదురుగా కూర్చోని, హోంవర్కు సగంలో వదిలేసే, ఎదుటివారి మాట పూర్తికాకముందే అందుకునే పిల్లవాడు దారికొస్తాడని వారి ఆశ. అలాంటి పిల్లల్లో కొందరిది ఉత్త అల్లరి కాదు, ఏడీహెచ్‌డీ. అంటే ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం, తొందరపాటు కలగలిసిన సమస్య. నూటికి సుమారు ఐదుగురు పిల్లల్లో ఇది ఉంటుందని మానసిక వైద్యుల అంచనా.

ఆశ పూర్తిగా నిరాధారమేమీ కాదు. అమెరికాలోని ఒక పాఠశాలలో మూడు నెలలపాటు తైక్వాండో నేర్చుకున్న పిల్లలు, మామూలు వ్యాయామ తరగతులకు వెళ్లినవారికన్నా స్వీయ నియంత్రణలో మెరుగుపడ్డారని 2004లో వెలువడిన లేక్స్, హోయట్‌ల అధ్యయనం తేల్చింది. అయితే అది సాధారణ విద్యార్థులపై జరిగింది, ఏడీహెచ్‌డీ చికిత్సకు పరీక్ష కాదు. అంతకన్నా ముఖ్యమైనది 1986లో ట్రల్సన్ ప్రచురించిన చిన్న అధ్యయనం. గౌరవం, ఓర్పు, ధ్యానం కలిపి సంప్రదాయ పద్ధతిలో తైక్వాండో నేర్చుకున్న నేరప్రవృత్తి గల టీనేజర్లలో దూకుడు తగ్గింది. వాటిని పక్కన పెట్టి పోరాట పద్ధతులు మాత్రమే నేర్చుకున్నవారిలో అది పెరిగింది. తన్నులు అవే, గుద్దులు అవే. తేడా బోధనలో ఉంది.

కాబట్టి ‘కరాటేనా, జూడోనా, తైక్వాండోనా’ అన్నది రెండో ప్రశ్న. మొదట చేయాల్సిన పని, డబ్బు కట్టకముందే ఒక క్లాసు మొత్తం కూర్చుని చూడటం. చూడనివ్వని చోట చేర్పించకపోవడమే మంచిది. పిల్లలు ఎంతసేపు కదులుతున్నారు, ఎంతసేపు వరుసలో నిలబడి వంతు కోసం ఎదురుచూస్తున్నారు? ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లవాడికి ఎదురుచూపే పెద్ద శిక్ష. గురువు ఒకేసారి ఐదు సూచనలు ఇస్తున్నారా, ఒక్కొక్కటే చెప్పి చేసి చూపిస్తున్నారా? తప్పు చేసిన పిల్లవాణ్ని పక్కకు పిలిచి సరిదిద్దుతున్నారా, అందరి ముందు గుంజీలు తీయించి నవ్వులపాలు చేస్తున్నారా? చేసిన చిన్న మంచిపనిని అప్పటికప్పుడే మెచ్చుకుంటున్నారా? పిల్లవాడి సమస్య గురించి ముందే చెప్పినప్పుడు గురువు ఇచ్చే జవాబు చాలా విషయాలు తేలుస్తుంది. ‘మొదటి వరుసలో నిలబెడతాను’ అంటే ఆలోచించవచ్చు. ‘నాలుగు తగిలిస్తే అదే పోతుంది’ అంటే వెనక్కి రావాలి.

భద్రత సంగతి మరవకూడదు. దెబ్బలు తగిలే పోటీలకన్నా, తాకకుండా చేసే సాధనే పిల్లలకు మేలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2016లో సూచించింది. తలకు పెట్టుకునే రక్షణ తొడుగు మెదడు అదుర్లను ఆపుతుందన్న నమ్మకానికి ఆధారం లేదనీ చెప్పింది. తలపై దెబ్బలు అనుమతించే క్లాసుకు పిల్లల్ని పంపకూడదు. శిక్షణ నలుగురికీ కనిపించే చోట జరగాలి. ఆడపిల్లలకైనా, మగపిల్లలకైనా ఇది వర్తిస్తుంది.

ఇక బెల్టులు. జిగోరో కానో 1882లో జూడోకు పునాది వేసినప్పుడు ఈ రంగుల వరుస లేదు. అది యూరప్‌లో 1930ల్లో ప్రాచుర్యంలోకి వచ్చింది. ఎదుగుదల కంటికి కనిపిస్తే పిల్లలకు ఉత్సాహమే. కానీ మూడు నెలలకో పరీక్ష, పరీక్షకో ఫీజు అంటే అది వ్యాపారం. ఒలింపిక్స్ పేరు చెప్పేవారినీ నిలదీయాలి. కరాటే 2021లో జరిగిన టోక్యో క్రీడల్లో ఉంది, 2024 పారిస్‌లో లేదు.

జగదల్‌పూర్‌కు పంపాలనుకుంటే రానూపోనూ 32 కిలోమీటర్లు. బడి నుంచి అలసి వచ్చిన పిల్లవాడి నిద్రను, చదువును ఆ ప్రయాణం మింగేస్తే లాభం కన్నా నష్టమే ఎక్కువ. అప్పుడు దగ్గర్లోని మైదానంలో రోజూ ఫుట్‌బాల్ ఆడించడం మెరుగు.

అన్నిటికన్నా పెద్ద నష్టం, కరాటేను మందుగా భావించి వైద్యం వాయిదా వేయడం. ఏడీహెచ్‌డీ లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇంట్లోనూ బడిలోనూ, అంటే కనీసం రెండు చోట్ల కనిపిస్తేనే వైద్యులు నిర్ధారిస్తారు. ఆరేళ్లలోపు వారి విషయంలో ముందుగా తల్లిదండ్రులకే శిక్షణ ఇస్తారు. ఆపై వయసు వారికి మందులు, ప్రవర్తనా చికిత్స, బడి సహకారం కలిపి నడుస్తాయి. జగదల్‌పూర్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. ప్రభుత్వ ఉచిత సేవ టెలీ మానస్‌ను 14416 నంబరులో సంప్రదించవచ్చు. మంచి గురువు దొరికితే పిల్లవాడికి వారానికి రెండు మూడు గంటలు ‘నువ్వు చేయగలవు’ అనే చోటు దొరుకుతుంది. బడిలో రోజూ తిట్లు తినే పిల్లవాడికి అది తక్కువేం కాదు. వైద్యుడి పనిని మాత్రం ఆ గురువు నుంచి ఆశించకూడదు.