చందా అడగడం కూడా ఒక ఇల్మే

ఇంటర్ రిజల్ట్స్ వచ్చినప్పుడల్లా నల్గొండలోనైనా, మహబూబ్‌నగర్‌లోనైనా మన ఇళ్లల్లో మూడే మాటలు: డాక్టర్, ఇంజనీర్, లేకుంటే సౌదీ. "నా బిడ్డ యూనివర్సిటీ రిజిస్ట్రార్ కావాలె" అన్న అబ్బాను నేను ఇంతవరకు చూడలేదు. "స్పోర్ట్స్ డైరెక్టర్ కావాలె" అన్న అమ్మీనీ చూడలేదు.

మన గడప ముందుకే యూనివర్సిటీలు వచ్చాయి. నల్గొండలో మహాత్మాగాంధీ యూనివర్సిటీ 2007లో, మహబూబ్‌నగర్‌లో పాలమూరు యూనివర్సిటీ 2008లో మొదలయ్యాయి. అక్కడ మన పిల్లలు సీటు కోసం దరఖాస్తు పెడతారు. నౌకరీ మాట వస్తే లెక్చరర్ దాకే మన ఖయాల్ పోతుంది. రిజిస్ట్రార్, పరీక్షల కంట్రోలర్, ఫైనాన్స్ ఆఫీసర్, ఫిజికల్ డైరెక్టర్ లేకుండా ఏ ఇదారా అయినా ఒక్కరోజు నడుస్తుందా?

ఈ పనికి మనకు పెద్ద మిసాల్ హైదరాబాద్‌లో 1897లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్. బెర్లిన్‌లో పీహెచ్‌డీ చేసి, 1926లో 29 ఏళ్ల వయసులో జామియా మిల్లియా పగ్గాలు పట్టుకున్నారు. మరుసటి ఏడాది చివర్లో హకీం అజ్మల్ ఖాన్ ఇంతెఖాల్ అయ్యారు. జామియాకు పైసలు తెచ్చే పెద్ద చెయ్యి పోయింది. జాకిర్ సాబ్, ఆయన సాథీలు తాళం వేసి ఇంటికి పోలేదు. 20 ఏళ్లు ఇక్కడే ఖిద్మత్ చేస్తాం, నెలకు 150 రూపాయలకు మించి తీసుకోం అని అహద్ చేశారు. 'హందర్దానే జామియా' పేరుతో మామూలు మనుషుల దగ్గర చిన్న చిన్న చందాలు జమచేశారు. ఒక్క నవాబు మీద ఆధారపడకుండా వేలమందిని ఇదారాతో జోడించడమే అక్కడి హిక్మత్. 1948 నుంచి 1956 దాకా ఆయన అలీగఢ్ వైస్ చాన్సలర్. 1967లో దేశానికి సదర్.

మైదాన్ వైపు చూస్తే సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. హైదరాబాదీ, వృత్తికి బడి పంతులు. హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీగా ఇంతెజామ్ చూసుకుంటూనే దేశానికి కోచ్ అయ్యారు. 1951, 1962 ఏషియాడ్‌లలో గోల్డ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన టీములవే. 'మైదాన్' సినిమాలో చాలామంది కోచ్‌నే చూశారు. సెక్రటరీ పని సినిమాకు ఎక్కదు. కానీ గ్రౌండ్, జెర్సీ, రైలు టికెట్ చూసుకునే మనిషి లేకుంటే ఏ పిల్లవాడి కాలికీ బంతి తగలదు.

"వీసీ కుర్చీకి సిఫారిష్ కావాలి, మనకెవరున్నారు?" అంటారు. కానీ నిచ్చెన కింది మెట్టు ఇల్మ్‌తోనే ఎక్కేది. ఎంపీఈడీలో 55 శాతం, ఆపైన నెట్ ఉంటే యూనివర్సిటీ ఫిజికల్ ఎడ్యుకేషన్ పోస్టుకు దరఖాస్తు చేయొచ్చు. ఈ దారి ఆడపిల్లలకూ తెరిచే ఉంది. ఫండ్ తెచ్చే పనికీ ఇప్పుడు గిరాకీ ఉంది. పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సమాజానికి ఖర్చు పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. తాలీమ్, పల్లె క్రీడలు రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. దరఖాస్తు రాసి, హిసాబ్ చూపించగలిగే మనిషే మన దగ్గర కరువు.

చందా మనకు కొత్త కాదు. జుమ్మా నాడు జోలె పట్టడం, రంజాన్‌లో రసీదు బుక్కులు తిప్పడం మన పిల్లలు చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. మీనార్‌కు ఇచ్చే చెయ్యి గ్రౌండ్‌కు, హాస్టల్‌కు ఎందుకు వెనక్కి పోతుంది? జకాత్ పైసలతో బిల్డింగ్ కట్టడం జాయిజ్ కాదని చాలామంది ఉలేమా అంటారు, నిజమే. అయితే జకాత్‌ను గరీబ్ విద్యార్థి చేతికివ్వండి, గ్రౌండ్‌కు అతియా ఇవ్వండి. రెండు ఖాతాలు వేరుగా పెట్టండి. ఏడాది హిసాబ్ మసీదు గోడకు అంటించండి. చందా అమానత్. హిసాబ్ కనబడితే రెండోసారి అడగాల్సిన పనే ఉండదు.

ఈసారి రిజల్ట్స్ రోజు ఆ మూడు మాటలకు ఇంకొకటి జోడించండి. బస్తీ టోర్నమెంట్‌కు పైసలు జమచేసి, పైసా పైసాకు లెక్క రాసే పిల్లవాడు మీ ఇంట్లో ఉంటే, "చదువు పాడు చేసుకుంటున్నడు" అని తిట్టకండి. రేపు ఒక ఇదారాను నడిపే హునర్ వాడు నేర్చుకుంటున్నాడు.