ఇద్దరు హీరోలూ, ఒక్క కథా

ఈ వారం షూటింగు కబుర్లు లేవు. ఏ హీరోయిన్ ఏ సినిమా నించి తప్పుకుందో కూడా చెప్పను. తిట్టుకోకండి! మా ఇంట్లోనే ఓ మల్టీస్టారర్ మొదలై, రిలీజై, వారం తిరక్కుండా డబ్బాలు వెనక్కొచ్చాయి. ఆ ముచ్చట చెబుతాను.

హీరో మా మేనల్లుడి కంప్యూటర్. 2015లో మా బావ కొనిచ్చాడు. అప్పుడు వీడికి పదేళ్లు. కోర్ ఐ5-4690 ప్రాసెసర్, జీటీఎక్స్ 970 గ్రాఫిక్స్ కార్డు. ఆ రోజుల్లో వీధిలో కుర్రాళ్లంతా వీడింటి ముందే క్యూ. బావ పోయి మూడేళ్లయింది. కంప్యూటర్ మాత్రం ఆ కిటికీ పక్కనే ఉంది.

మొన్న వాడు నా దగ్గరికొచ్చాడు.

"మావయ్యా, కొత్త గేములు నత్తనడక నడుస్తున్నాయి. సరిగ్గా ఇలాంటి కార్డే సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో ఉంది. నాలుగు వేలు. రెండూ కలిపితే డబుల్ స్పీడు!"

"కొత్తది కొనుక్కోరాదట్రా?"

"అమ్మా అదే అంటోంది. నాకొద్దు. ఇది నాన్న కొన్నది."

ఇంకేం మాట్లాడతాను? నాలుగు వేలూ ఇచ్చాను.

ఇక్కడ కాస్త ఫ్లాష్‌బ్యాక్. రెండు కార్డుల్ని జోడీ కట్టే పద్ధతి 1998లో వూడూ 2 కార్డులతో జనంలోకొచ్చింది. బొమ్మలోని గీతల్ని చెరి సగం పంచుకుని గీసేవి. 2004లో ఎన్విడియా మళ్లీ ఎస్సెల్లై పేరుతో తెచ్చింది. మరుసటేడు ఏటీఐ వాళ్లు క్రాస్‌ఫైర్ అన్నారు. ఈసారి ఎక్కువగా నడిచిన పద్ధతి వేరు. మొదటి ఫ్రేమ్ ఒక కార్డు గీస్తే రెండోది ఇంకో కార్డు, మూడోది మళ్లీ మొదటిది. పాత టాకీసుల్లో రెండు ప్రొజెక్టర్లుండేవి గుర్తుందా? ఒకదాంట్లో రీలు అయిపోతుండగా రెండోది అందుకునేది. అక్కడ రీలుకోసారి మారితే, ఇక్కడ ఫ్రేమ్‌కోసారి మారుతుంది. సెకనుకి అరవై ఫ్రేములంటే ఒక్కో ఫ్రేమ్‌కి పదహారు మిల్లీసెకన్ల పైచిలుకు. ఆ వరసలో ఒకటి ముందూ ఒకటి వెనకా అయితే లెక్కకి అరవై కనబడుతుంది, కంటికి మాత్రం కుదుపే.

మావాడు కార్డు తెచ్చాడు. రెండో స్లాటులో దిగింది. పైన చిన్న బ్రిడ్జి ముక్క పెట్టాడు. గేము మొదలెట్టాడు. టప్! మొత్తం ఆరిపోయింది. మా అక్క గుండె పట్టుకుంది. వాడి మొహం చూడాలి, పాపం!

లెక్క వేస్తే తెలిసింది. ఒక్కో కార్డు 145 వాట్లు, రెండూ 290. ప్రాసెసర్ ఇంకో 84. పైన డిస్కులు, ఫ్యాన్లు. పవర్ సప్లై చూస్తే 500 వాట్లది, అదీ పదేళ్లు నలిగింది. స్నేహితుడి దగ్గర 650 వాట్లది అరువు తెచ్చి మళ్లీ పెట్టాడు. 2015 నాటి 'ది విచర్ 3' వేశాడు, పాత డైరెక్ట్ ఎక్స్ 11 పద్ధతిలో. నలభైలో ఉండేది అరవై అయిదు దాటింది! "చూశావా మావయ్యా!" అని ఈలేశాడు. నేనూ వేశాను.

ఫస్ట్ హాఫ్ సూపర్ హిట్. ఇక ఇంటర్వెల్ తర్వాత.

అసలు వాడికి కావాల్సింది కొత్త గేము. అది పెట్టగానే మళ్లీ నత్తనడకే. పెట్టె పక్క తలుపు తీసి చూశాం. పై కార్డు ఫ్యాన్లు గిర్రున తిరుగుతున్నాయి. కింది కార్డు ఫ్యాన్లు కదలడంలేదు! మేకప్ వేసుకుని సెట్లో కుర్చీలో కూర్చున్న సైడ్ ఆర్టిస్టులా ఉంది. పిలుపే రాలేదు.

కారణం చెబుతాను వినండి. 1962లో 'గుండమ్మ కథ'లో రామారావూ నాగేశ్వరరావూ ఉన్నారంటే, ఇద్దరికీ సరిపడా సీన్లు రాశారు కాబట్టే నిలబడింది. గేమూ అంతే. పాత గేముల్లో పని పంచే బాధ్యత చాలావరకు డ్రైవరుది. డైరెక్ట్ ఎక్స్ 12 వచ్చాక ఆ పని గేము తయారుచేసేవాళ్ల మీద పడింది. జోడీ కార్డులున్నవాళ్లు కొద్దిమందే, వాళ్లకోసం ఎవరు రాస్తారు? పైగా 2021 జనవరి 1 నించి పాత కార్డులకి కొత్త ఎస్సెల్లై ప్రొఫైళ్లు రాయబోమని ఎన్విడియా 2020లోనే చెప్పేసింది.

ఇంకో తిరకాసు. నాలుగు జీబీ కార్డులు రెండు పెడితే ఎనిమిది జీబీ కాదు. ఒకే డైలాగు షీటు ఇద్దరికీ చెరో కాపీ ఇచ్చినట్టు, రెండు కార్డులూ అదే సరుకు మోస్తాయి. కాగితాలు రెండు, డైలాగు ఒకటే!

వాడు రెండ్రోజులు అన్నం సరిగ్గా తినలేదు. నాలుగు వేలకోసం కాదని నాకూ తెలుసు. మూడో రోజు పిలిచి చెప్పాను.

"ఒరేయ్, మీ నాన్న నీకు కార్డు కొనలేదు. ఆడుకోమని కంప్యూటర్ కొన్నాడు. అది నడవడం ముఖ్యమా, అందులో ముక్కలన్నీ పాతవే ఉండటం ముఖ్యమా?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాడే లేచి స్క్రూడ్రైవర్ తీశాడు.

కొత్తగా కొన్న 970ని మూడు వేలకి అమ్మాడు. ట్యూషన్లు చెప్పి దాచిన డబ్బు కలిపి సెకండ్ హ్యాండ్ ఆర్ఎక్స్ 6600 తెచ్చాడు. ఎనిమిది జీబీ, వాడకం 132 వాట్లే. అంటే పాత కార్డు ఒక్కదానికన్నా తక్కువ! అరువు తెచ్చింది తిరిగిచ్చి, సొంతంగా కొత్త పవర్ సప్లై కొన్నాడు. నలిగిన దాన్ని నమ్మొద్దని నేనే అన్నాను. ఇప్పుడు ఆ కొత్త గేము బాగానే ఆడుతోంది. జనం కిక్కిరిసిన వీధి సీనొస్తే మాత్రం ముసలి ప్రాసెసర్ ఆయాసపడుతుంది. నాలుగు కోర్లు కదా, ఏ కార్డు పెట్టినా ఆ ఆయాసం తీరదు.

కాబట్టి కుర్రకారుకి నా మాట. అచ్చం అలాంటి కార్డు ఇంకోటి చవగ్గా దొరికిందని ఎగబడకండి. ముందు మీరాడే గేముకి జోడీ నప్పుతుందా, పవర్ సప్లై మోస్తుందా, ప్రాసెసర్ అందుకుంటుందా చూసుకోండి. నూటికి తొంభైసార్లు ఒక్క కొత్త హీరోయే మేలు.

అన్నట్టు, బావ కొన్న 970ని మావాడు అమ్మలేదు. దుమ్ము దులిపి, దాని సొంత అట్టపెట్టెలో పెట్టి బీరువాలో దాచాడు. ఆ అట్టపెట్టెని పదేళ్లుగా మా అక్క పారెయ్యలేదని ఆరోజే తెలిసింది.

పైవారం మళ్లీ సినిమా కబుర్లే. ఉంటాను మరి!