ఫొటో తీస్తే నేరమా?

"ఇచ్చట ఫొటోలు తీయరాదు." ఈ బోర్డు చూడనివాళ్ళు మనలో ఎవరైనా ఉన్నారా? ఆనకట్టల మీద, వంతెనల దగ్గర, విమానాశ్రయాల్లో, కొన్ని రైల్వేస్టేషన్లలో, ఆఖరికి కొన్ని ప్రభుత్వాఫీసుల వరండాల్లో కూడా ఉంటుంది. మేం పదో తరగతిలో విహారయాత్రకి ఒక ఆనకట్ట చూడ్డానికి వెళ్ళినప్పుడు సరిగ్గా ఆ బోర్డు కిందే మమ్మల్ని వరసగా నిలబెట్టి మా సోషల్ మాస్టారు గ్రూపు ఫొటో తీశారు. బోర్డు మీది అక్షరాలు సగం తుప్పు తినేసింది. కాపలా అతను మమ్మల్ని అదిలించకపోగా తనూ వచ్చి చివర నిలబడ్డాడు, ఫొటోలో పడదామని! ఆ ఫొటో ఇప్పటికీ మా పుట్టింట్లో గోడమీద ఉంది.

ఆ కాపలా అతనిలాంటివాళ్ళు ఈ రోజుల్లో కనిపించరు. ఎందుకు కనిపించరో నాకు తెలుసు. 2007 ఆగస్టు 25 శనివారం సాయంత్రం గోకుల్ చాట్‌లో, లుంబినీ పార్కులో బాంబులు పేలినప్పుడు నేను డిగ్రీ ఆఖరి సంవత్సరం, కోఠీ దగ్గరే హాస్టల్లో ఉన్నాను. 42 మంది పోయారు. మా హాస్టల్ అమ్మాయిలు ఎన్నిసార్లు ఆ చాట్ బండార్‌లో నిలబడి తిన్నారో లెక్కలేదు. ఆ రాత్రి వార్డెనమ్మ గదిగదికీ తిరిగి తలలు లెక్కపెట్టుకుంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో మళ్ళీ అదే. అంచేత బ్యాగులు వెతికితే, స్కానర్ కింద పెట్టమంటే విసుక్కునే మనిషిని కాను నేను. సినిమా హాల్లో నా హ్యాండ్‌బ్యాగులో మందుల డబ్బా విప్పి చూసినా ఊరుకుంటాను. భయం ఉత్తిది కాదు.

నా ప్రశ్నల్లా ఒకటే. ఈ భయం పేరు చెప్పి మనం ఎవర్ని ఆపుతున్నాం, ఎవర్ని వదిలేస్తున్నాం?

పోయిన ఏడాది మా అత్తయ్య కాశీ ప్రయాణమయ్యారు. డెబ్బై ఏళ్ళ మనిషి, ఇన్నాళ్ళకి తీరిన కోరిక. ఒక పెద్ద జంక్షన్‌లో రైలెక్కించడానికి ఇంటిల్లిపాదీ వెళ్ళాం. ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి నాయనమ్మని రైలు పెట్టె ముందు నిలబెట్టి నా ఫోన్లో ఫొటో తీస్తోంది. అత్తయ్య కొంగు సర్దుకుని, కళ్ళజోడు తీసి, మళ్ళీ పెట్టుకుని... ఇంతలో యూనిఫారంలో ఉన్నతను వచ్చి, "ఇక్కడ ఫొటోలు తీయకూడదండీ, చెరిపేయండి" అన్నాడు. మర్యాదగానే అన్నాడు. "ఎందుకు నాయనా, నేను ముసిల్దాన్ని, నా మొహంలో ఏం రహస్యం ఉంది?" అని అత్తయ్య నవ్వారు. అతనూ నవ్వి, "రూలు పెద్దమ్మా" అన్నాడు. మేం చెరిపేశామో లేదో కూడా చూడకుండా ముందుకెళ్ళాడు.

నాలుగడుగుల దూరంలో బురఖా వేసుకున్న ఒకావిడ తన కొడుకు ఫొటో తీసుకుంటోంది. ఆ కుర్రాడు మెడలో కొత్త ఐడీ కార్డు, పక్కన కొత్త సూట్‌కేసు, చదువుకో ఉద్యోగానికో వెళ్తున్నట్టుంది. మాతో 'అండీ' అన్న నోరు అక్కడికి వెళ్ళేసరికి 'నువ్వు' అయింది. ఎక్కడికి, ఎందుకు, ఆధార్ కార్డు తియ్యి, ఫోన్ ఇలా ఇయ్యి. గ్యాలరీ మొత్తం పైనించి కిందిదాకా చూశాడు. ఆవిడ ఇంటి ఫొటోలు, వంటింటి ఫొటోలు, ఏవి ఉన్నాయో! పరాయి మగాడు తన ఫోన్లో వేలుపెట్టి తిప్పుతుంటే ఆవిడ తలొంచుకుని నిలబడింది. కుర్రాడి రైలు కదలబోయేదాకా అదే తంతు. అడ్డుపడి మా ఆయన, "మేమూ తీశామండీ, మమ్మల్ని అడగలేదే?" అంటే, "మీరు వేరు సార్" అన్నాడు.

మేం వేరెలా అయ్యాం? చేతిలో ఫోన్ ఒకటే, ప్లాట్‌ఫారం ఒకటే, ఫొటోలో పడ్డ రైలు కూడా ఒకటే. కట్టూబొట్టూ వేరు, అంతేగా! రూలు అందరికీ ఉందంటే నాకు అభ్యంతరం లేదు. ఒకరికి నవ్వూ, ఇంకొకరికి సోదా అయితే దాన్ని భద్రత అని ఎలా అనుకోమంటారు?

ఇక్కడ నాకు గుర్తొచ్చేది డేవిడ్ హెడ్లీ. 2008 నవంబరు 26 ముంబయి దాడికి ముందు ఊరంతా తిరిగి వీడియోలు తీసినవాడు వీడే. తాజ్ హోటల్ లోపలా బయటా తీశాడు. పడవెక్కి సముద్రం మీద తిరిగి, ఎక్కడ దిగితే బావుంటుందో చూసుకున్నాడు. 2006 నుంచి మళ్ళీమళ్ళీ వచ్చాడు. దావూద్ గిలానీ అన్న పేరు మార్చుకుని, చేతిలో అమెరికా పాస్‌పోర్టు పెట్టుకుని, వీసాలు ఇప్పించే ఆఫీసు అని బోర్డు కట్టి దర్జాగా తిరిగాడు. దొరలాంటి మనిషి, దొరలాంటి ఇంగ్లీషు! అతన్ని పట్టుకున్నది 2009లో, అదీ షికాగోలో. ఫొటోలు తీసేవాళ్ళ మీద కన్నేసి ఉంచాలి అనేవాళ్ళు అందరూ హెడ్లీనే ఉదాహరణ చెబుతారు. నేనూ అతన్నే చెబుతున్నాను. వేషం చూసి, భాష చూసి, రంగు చూసి అనుమానించే పద్ధతిలో దొరకాల్సినవాడు ఎలా జారిపోతాడో అతన్ని చూస్తే తెలుస్తుంది.

అదే రాత్రి ఛత్రపతి శివాజీ టెర్మినస్‌లో తుపాకీ పట్టుకుని నడుస్తున్న కసబ్ ఫొటో మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. దాన్ని తీసింది సెబాస్టియన్ డిసౌజా అనే పత్రికా ఫొటోగ్రాఫరు. పక్కనే ఉన్న ఆఫీసు నుంచి కెమెరాలు పట్టుకుని పరుగెత్తాడు. ఆ ఫొటోలే తర్వాత కోర్టులో సాక్ష్యమయ్యాయి. రైల్వేస్టేషన్లో ఫొటో తీయడం దేశానికి చెరుపే అయితే మరి దీన్నేమంటారు?

మన విశాఖనే తీసుకోండి. అక్కడి విమానాశ్రయం నౌకాదళం వారి స్థావరంలో ఉంది. అక్కడ ఫొటోలు తీయకూడదంటే సబబే, నాకు పేచీ లేదు. అదే ఊళ్ళో బీచి రోడ్డు మీద కురుసుర జలాంతర్గామిని మ్యూజియం చేసి 2002 నుంచి టిక్కెట్టు పెట్టి చూపిస్తున్నారు, పిల్లలు దానిముందు నిలబడి కావలసినన్ని ఫొటోలు దిగుతారు, అదీ సబబే. అయితే 2019 డిసెంబరులో ఆ ఊరి పేరు పేపర్లకెక్కిన గూఢచర్యం కేసు చూడండి. అరెస్టయింది బీచిలో కెమెరా పట్టుకు తిరిగేవాళ్ళు కాదు, నౌకాదళంలో పనిచేసేవాళ్ళు. ఫేస్‌బుక్‌లో ఆడపేర్లతో పరిచయం పెంచుకుని వలవేసి వాళ్ళ దగ్గర సమాచారం లాగారన్నది ఆరోపణ. (ఆడపేరు చూస్తే చాలు కరిగిపోయే మగవాళ్ళ మీద ఎక్కడా బోర్డులు పెట్టరు మరి!)

పైగా ఆకాశం నుంచి అంతా కనిపిస్తూనే ఉంది కదా. 2005లో రాష్ట్రపతిగా ఉన్న అబ్దుల్ కలాంగారు హైదరాబాదులో పోలీసు అధికారులతో మాట్లాడుతూ గూగుల్ ఎర్త్ బొమ్మల గురించి ఆందోళన పడ్డారు. ఆయన మాట కొట్టిపారేసేది కాదు. వీధుల ఫొటోలు తీసి ఇంటర్నెట్‌లో పెడతామన్న స్ట్రీట్ వ్యూకి భద్రత కారణంగానే 2016లో కేంద్రం ఒప్పుకోలేదు. 2022లో ఆ స్ట్రీట్ వ్యూనే హైదరాబాదుతో సహా పది నగరాల్లో వచ్చింది. పెద్ద కంపెనీ కారు మీద కెమెరా కట్టుకుని వీధివీధీ తీసుకుంటూ పోతే సాంకేతిక ప్రగతి, మా అత్తయ్యని మా పిల్ల ఫొటో తీస్తే దేశభద్రతకు ముప్పు!

అసలు ఈ నిషేధాలకు మూలం ఏమిటని వెతికితే చాలాచోట్ల 1923 నాటి అధికార రహస్యాల చట్టం దగ్గర తేలుతుంది. తెల్లవాళ్ళు తమ రాజ్యం కాపాడుకోవడానికి రాసుకున్నది. అందులో 'నిషిద్ధ ప్రదేశం' అన్న మాట ఉంది. ఆ మాట పట్టుకునే మహారాష్ట్రలో, పోలీస్ స్టేషన్లో వీడియో తీశాడని ఒకతని మీద కేసు పెట్టారు. 2022లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి ఆ కేసు కొట్టేసింది, పోలీస్ స్టేషన్ ఆ చట్టం చెప్పే నిషిద్ధ ప్రదేశం కాదంది. అంతకు రెండేళ్ళ ముందే సుప్రీంకోర్టు ప్రతి పోలీస్ స్టేషన్లోనూ సీసీ కెమెరాలు ఉండి తీరాలంది. ఈ సంగతులు మనకెవరైనా చెప్పారా? 2025 మేలో సరిహద్దుల్లో పరిస్థితి వేడెక్కినప్పుడు విమానయాన శాఖవాళ్ళు సైనిక విమానాశ్రయాల్లో ఎక్కేవాళ్ళని ఫొటోలు తీయొద్దన్నారు, పశ్చిమ సరిహద్దు వైపు చోట్ల పది వేల అడుగులు దాటేదాకా కిటికీ మూసుంచమన్నారు. అది ఎక్కడ, ఎందుకు అన్నది తెలుస్తోంది. అలా చెబితే ఎవరైనా వింటారు. ఏ కాగితమూ లేకుండా "రూలు" అంటేనే చిక్కు.

ఇంగ్లండులో ఈ ప్రయోగం బాగా పెద్దయెత్తున జరిగింది. 2000 నాటి ఉగ్రవాద చట్టంలో 44వ సెక్షన్ ప్రకారం, కొన్ని ప్రాంతాల్లో ఏ కారణం లేకుండానే ఎవర్నయినా ఆపి సోదా చెయ్యొచ్చు. కెమెరాలు మెడలో వేసుకున్నవాళ్ళు, పర్యాటకులు తెగ ఇబ్బంది పడ్డారు. "మేం ఫొటోగ్రాఫర్లం, ఉగ్రవాదులం కాదు" అని వాళ్ళు ఒక ఉద్యమమే నడిపారు. 2009-10 ఒక్క ఏడాదిలో 1,01,248 సోదాలు జరిగితే, ఉగ్రవాద నేరం కింద అరెస్టు అయినవాళ్ళు ఎంతమందో తెలుసా? ఒక్కరూ లేరు. 2010లో యూరప్ మానవ హక్కుల కోర్టు తప్పుపట్టాక ఆ సెక్షన్ వాడకం ఆపేశారు.

మనం ఫొటో తీస్తే తప్పు, మరి మన ఫొటో తీస్తే? వందమంది చేరే ప్రతి చోటా కెమెరాలు పెట్టాలని 2013లోనే మన ఉమ్మడి రాష్ట్రంలో చట్టం వచ్చింది. సరే, దానివల్ల దొంగలు దొరుకుతున్నారు, ఒప్పుకుంటాను. 2021 లాక్‌డౌన్‌లో హైదరాబాదు వీధిలో మసూద్ అనే సామాజిక కార్యకర్తని పోలీసులు ఆపి, మాస్కు తీయమని, ఫోన్లో ఫొటో తీసుకున్నారు. నా ఫొటో ఎందుకు, ఎక్కడ దాస్తారు అని ఆయన హైకోర్టుకు వెళ్ళాడు. అడగాల్సిన ప్రశ్నే కదా! మనలో ఎంతమందిమి అడుగుతాం?

ఇక ఆడవాళ్ళ మాటకొస్తాను. బస్టాండులో, రైల్లో, కూరల మార్కెట్లో చెప్పాపెట్టకుండా మన ఫొటోలు తీసే మగవాళ్ళని ఏ కాపలావాడైనా ఆపగా చూశారా? 2013లో నిర్భయ ఘటన తర్వాత తెచ్చిన చట్టం, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్, ఏకాంతంలో ఉన్న స్త్రీని దొంగచాటుగా తీస్తే నేరమంటుంది. నడిరోడ్డు మీద మనం నిలబడి ఉంటే తీసే ఫొటో అందులోకి రాదు. మా పక్కింటి అమ్మాయి కాలేజీకి వెళ్తూ బస్టాండులో తనని అదేపనిగా ఫోన్లో తీస్తున్నవాణ్ణి గమనించి, తను కూడా ఫోన్ తీసి వాడి ఫొటో పట్టింది. గార్డు పరుగెత్తుకొచ్చి ఆపింది ఎవర్ననుకున్నారు? ఈ పిల్లనే! "ఇక్కడ ఫొటోలు తీయకూడదమ్మా" అట. ఈలోగా వాడు బస్సెక్కి పోయాడు. పిల్ల మాత్రం గట్టిది, చెరపనంది. తిన్నగా షీ టీమ్ వాళ్ళకి ఆ ఫొటో పంపింది. వేధించేవాళ్ళని మఫ్టీలో వెళ్ళి వీడియో తీసి పట్టుకోవడమే వాళ్ళ పద్ధతి, అంచేత ఆ ఫొటో విలువ వాళ్ళకి తెలుసు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. బోర్డు పెట్టండి, పెట్టొద్దనను. ఏ చట్టం ప్రకారం వద్దంటున్నారో, ఎంత మేర వద్దంటున్నారో, ఎవరు వద్దన్నారో కింద రాయండి. ఆడవాళ్ళ ఫోన్ చూడాల్సి వస్తే ఆడ కానిస్టేబుల్‌ని పిలవండి. ఒకర్ని అడిగిన కాగితం పక్కనున్నవాళ్ళనీ అడగండి. ప్లాట్‌ఫారం మీద ఇడ్లీ, వడ ధరలు మూడు భాషల్లో రాసి పెట్టగలుగుతున్నారు, ఈ నాలుగు ముక్కలు రాయడానికి చోటు దొరక్కపోదు.