గోతికి మందు కంకర కాదు, కాలువ

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

వానాకాలం వచ్చిందని మా మెట్ట ప్రాంతంలో పంచాంగం చూడకుండానే తెలిసిపోతుంది. పొలంలో దుక్కులు మొదలవుతాయి, ఊళ్ళో గోతులు మొదలవుతాయి. దుక్కి చూస్తే రైతుకు ఆనందం. గొయ్యి చూస్తే మాత్రం మనలో ఎవరికీ కోపం కూడా రాదు. "వానాకాలం కదండీ, గోతులు పడవా మరి?" అనేసి, పంచె కాస్త పైకి పట్టుకుని పక్కనుంచి పోవడం అలవాటైపోయింది. ఈ అలవాటు మీదే నా ఫిర్యాదు.

రోడ్ల మీది గోతుల గురించి పత్రికలు రాస్తూనే ఉన్నాయి. నేను చెప్పదలచినది వ్యాపార స్థలాల్లో బళ్ళు నిలుపుకొనే ఆవరణల గురించి. మాది జంగారెడ్డిగూడెం దగ్గర ఒక పల్లె. 2022 ఏప్రిల్లో ఏలూరు జిల్లా ఏర్పడేవరకు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో ఉండేది. చుట్టూ పొగాకు, మొక్కజొన్న, పామాయిలు తోటలు. పండినదంతా ట్రాక్టర్ల మీద, లారీల మీద అమ్మకానికి వెళ్ళవలసిందే. గిడ్డంగి ముందు, కాటా దగ్గర, ఎరువుల కొట్టు ముందు, కల్యాణ మంటపం ముందు ఎక్కడ చూసినా ఇంత ఖాళీ జాగా, దాని నిండా బళ్ళు. ఆ జాగా రోడ్డు కాదు గనుక రోడ్ల శాఖ పట్టించుకోదు. కొట్టు లోపలి గచ్చు కాదు గనుక యజమాని పట్టించుకోడు. "ఎవరికి పుట్టిన బిడ్డరా ఎక్కి ఎక్కి ఏడుస్తోంది" అన్న సామెత దీనికోసమే పుట్టిందేమో!

ఇది పెద్ద విషయమా అని మీరు అడగవచ్చు. రోడ్ల గోతుల వల్ల 2013 నుంచి 2017 వరకు ఐదేళ్ళలో దేశంలో 14,926 మంది చనిపోయారన్న లెక్క 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. అది రోడ్ల లెక్క. ఆవరణల్లో బండి మెల్లగా నడుస్తుంది గనుక ప్రాణాలు దక్కవచ్చు. కాని నడుం విరిగిన హమాలీకి, స్కూటరు మీంచి జారిపడ్డ ఆడమనిషికి జరిగిన నష్టం ఎవరి ఖాతాలో రాస్తారు? రెండేళ్ళ క్రితం వేసవి చివర గాలివాన కురిసిన మర్నాడు, ఒక గిడ్డంగి ఆవరణలో మా నాన్నగారి ట్రాక్టరు ట్రక్కు చక్రం నీళ్ళు నిండిన గోతిలో దిగబడింది. ఆరు బస్తాల మొక్కజొన్న బురదపాలైంది. తడిసిన గింజకు కొనేవాడు చెప్పిన ధర విని నాన్నగారు మాట్లాడలేదు. ఆ ఆరు బస్తాల వెనక ఎన్ని తడులు, ఎన్ని రాత్రుల కరెంటు కాపలా ఉన్నాయో ఆ గొయ్యికి తెలియదు కదా!

ఇక గొయ్యి ఎలా పుడుతుందో చూద్దాం. చలిదేశాల్లో పగుళ్ళలో నీరు గడ్డకట్టి, ఉబ్బి, రోడ్డును పగలగొడుతుంది. మనకు మంచు లేదు, నీరొక్కటే చాలు. ఎకరం జాగా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే సుమారు నలభై వేల లీటర్ల నీరు. పోవడానికి దారి లేకపోతే అది కిందికే దిగుతుంది. తారుకంటే నీరే రాతికి ఎక్కువ ఇష్టం. సందు దొరికితే చాలు, నీరు కంకర రాయికీ తారుకూ మధ్య దూరి రెంటినీ విడదీస్తుంది. అడుగున మట్టి నాని మెత్తబడుతుంది. పైనుంచి చక్రం నొక్కినప్పుడల్లా బురదనీరు పగులులోంచి పైకి చిమ్ముతూ సన్నమట్టిని వెంట తెస్తుంది. అడుగు డొల్లవుతుంది. ఒకనాడు పైపొర కుంగిపోతుంది. మనం చూసేది ఆ చివరి రోజును మాత్రమే.

ఆవరణకు రోడ్డుకు లేని కష్టాలు మరికొన్ని ఉన్నాయి. రోడ్డును మధ్యలో ఎత్తుగా, అంచులకు వాలుగా వేస్తారు. ఆవరణను మాత్రం పళ్ళెంలా చదును చేసి వదిలేస్తారు. నిలిచిన బళ్ళ నుంచి డీజిలు, ఆయిలు కారి తారును కరిగిస్తాయి. నిలిచినచోటే స్టీరింగు తిప్పితే చక్రం నేలను చెక్కేస్తుంది. ఇక బరువు సంగతి. 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో జరిగిన పెద్ద రోడ్డు పరీక్షలో తేలిందేమంటే, ఇరుసు మీద బరువు రెట్టింపయితే నేలకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లు! స్కూటర్ల కోసం వేసిన నేల మీదికి లోడు లారీని రానిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

మన ఊళ్ళలో జరిగే వైద్యం ఏమిటి? జోరువానలో, నీళ్ళు తోడకుండానే, కూల్చిన ఇంటి ఇటుక ముక్కలు నాలుగు తట్టలు గోతిలో పోయడం. వారం తిరక్కుండా ఆ ముక్కలు చెదిరిపోతాయి, గొయ్యి ఇంకాస్త పెద్దదవుతుంది. సరైన పద్ధతి కష్టమేమీ కాదు. నీళ్ళు తోడేయాలి. వదులుగా ఉన్నదంతా తీసేసి, గట్టి నేల తగిలేదాకా అంచులను నిలువుగా, చదరంగా కోయాలి. తారు నేలయితే లోపల ఆరనిచ్చి, పల్చగా తారు పూసి, తారు కలిపిన కంకరను పొరలు పొరలుగా వేసి దిమ్మిసతో కొట్టాలి. గ్రావెలు నేలయితే అడుగు కాస్త గీరి, గ్రావెలును పదునుకు తెచ్చి కొట్టాలి. పదును అంటే రైతుబిడ్డలకు చెప్పక్కరలేదు. మరీ పొడిగా ఉన్నా, మరీ తడిగా ఉన్నా మట్టి బిగుసుకోదు. దీన్నే 1933లో ప్రాక్టర్ అనే ఇంజనీరు ప్రయోగాలతో చూపించాడు. మా తాతలకు అది అరకతోనే తెలుసు.

అయితే ఎంత బాగా పూడ్చినా నీటికి దారి చూపకపోతే అది మళ్ళీ అక్కడికే వస్తుంది. కాబట్టి ముందు కాలువ, తరువాతే కంకర. యాభై అడుగులకు ఒక అడుగు వాలు, అంచున ఒక పిల్లకాలువ, అందులో చెత్త పేరుకోకుండా చూసే ఒక మనిషి. ఇంతే. సన్నని పగులు కనిపించగానే తారుతో మూస్తే గొయ్యే పుట్టదు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకు?

"ఖర్చండీ" అంటారు యజమానులు. నిజమే. కాని ఏటా పోసే ఇటుక ముక్కల ఖర్చు, విరిగే కమాను కట్టల ఖర్చు, ఆవరణ చూసి వెనక్కి మళ్ళిన బేరాల నష్టం కలిపి లెక్క వేసుకున్నారా? బండికింతని పార్కింగు రుసుము తీసుకునేచోట ఆ డబ్బులో కొంత నేలకు ఖర్చు పెట్టమనడం దబాయింపు కాదు, న్యాయం.

హైదరాబాదులో గంగాధర్ తిలక్ కాట్నంగారని ఒక రిటైర్డు రైల్వే ఇంజనీరు ఉన్నారు. ఉమ్మడి పశ్చిమ గోదావరి జిల్లా వారే. 2010 ప్రాంతం నుంచి తన పింఛను డబ్బుతో గోతులు పూడుస్తూ వచ్చారు. 2021 నాటికి రెండువేలు దాటాయని పత్రికలు రాశాయి. వారికి చేతులెత్తి దండం పెడదాం. కాని ఒక పెద్దాయన పింఛను మీద ఒక నగరం రోడ్లు ఆధారపడటం మనకు గర్వకారణమా, సిగ్గుచేటా?

అందుకే మన యూనియన్ ముందు ఒక ప్రతిపాదన పెడుతున్నాను. వేసవి సెలవులకు ఇంటికి వెళ్ళే ప్రతి విద్యార్థీ తన ఊళ్ళో ఒక్క ఆవరణను ఎంచుకోవాలి. తాపీ మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ గొట్టంతో వాలు ఎటుందో కొలిచి, నీరు ఎక్కడ నిలుస్తుందో పటం గీసి యజమాని చేతికివ్వాలి. ఇంజనీరింగు లెక్చరర్లు ఆ పటాలు ఒకసారి చూసి తప్పులు దిద్దితే చాలు. పని మాత్రం రోహిణి కార్తె వెళ్ళేలోగా పూర్తి కావాలి. పురపాలక సంఘాలు కూడా వ్యాపార లైసెన్సు ఇచ్చేటప్పుడు "మీ ఆవరణలో నీరు ఎటు పోతుంది?" అన్న ఒక్క ప్రశ్న అడగాలి.

చెరువుకు గండి పడ్డాక గట్టు వేసే రైతును ఊరంతా నవ్వుతుంది. మృగశిర చినుకు పడ్డాక గోతులు పూడ్చే మనల్ని చూసి నవ్వేవారు లేకపోవడం, మనమంతా అదే పని చేస్తున్నందువల్లే. ఈ సంవత్సరం ముందుగా కాలువ తీసినవాడు రెండో మనిషిని చూసి నవ్వే హక్కు సంపాదించుకుంటాడు.